‘కాలుస్తూ ఉండండి, అదే సర్దుకుంటుంది’ అంటే నమ్మకండి: కొత్త సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనేవాళ్లకు హెచ్చరిక

ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనే ఆలోచనలో ఉన్నారా? అందులోనూ విడిభాగాలు తెప్పించి, బిగించి, తమ ముద్ర వేసుకుని అమ్మేవాళ్ల దగ్గర కొంటున్నారా? అయితే డబ్బు కట్టేముందు ఇది చదవండి. నాకు అమ్మినవాళ్ల పేరు రాయను. వ్యవహారం ఇంకా నడుస్తోంది, పైగా ఈ జబ్బు వాళ్లొక్కరిదే కాదు.

చూడ్డానికి ఏ వంకా పెట్టలేం. 16 అంగుళాల బ్యారెల్, నున్నటి కోటింగ్, ‘కాల్చి పరీక్షించాం’ అని సంతకం పెట్టిన చీటీ. రేంజ్‌లో మొదటి మ్యాగజైన్‌తోనే సంగతి బయటపడింది. ఒక తూటా పేలింది. మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే ఉత్త ‘టక్’. బోల్ట్ (తూటా వెనక మూతలా ముందుకూ వెనక్కీ కదిలే భాగం) లాగితే బయటికి ఏమీ రాలేదు, అంటే ఛాంబర్ (తూటా కూర్చుని పేలే గది) ఖాళీ. మ్యాగజైన్‌లో తూటాలేమో ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంకోసారి ఖాళీ కేసు, అంటే పేలిన తూటా తొడుగు, బయటికి ఎగరకుండా పక్క కిటికీలో నిటారుగా నిలబడిపోయింది. బోల్ట్ వచ్చి దాని నడుం నొక్కేసింది.

దీన్ని షార్ట్ స్ట్రోక్ అంటారు. బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లకుండా మధ్యలోనే తిరిగొచ్చేస్తుంది. ఖాళీ కేసును పారేసేంత దూరం వెళ్తుంది గానీ, కొత్త తూటాను తోసుకొచ్చేంత వెనక్కి వెళ్లదు. బలం ఇంకాస్త తగ్గితే ఖాళీ కేసు కూడా బయటపడదు.

అమ్మినవాళ్లకు చెబితే మొదట మ్యాగజైన్ మార్చమన్నారు. మార్చినా అంతే. తర్వాత తూటాలు మంచివి కావన్నారు, ఆ తర్వాత నూనె చాలలేదన్నారు. చివరికి అందరూ చెప్పే మాట చెప్పారు: ‘కొత్తది కదండీ, ఓ 500 తూటాలు పడితే అదే సర్దుకుంటుంది.’ ఒక్కో జవాబుకీ రోజులకు రోజులు. ఈలోగా వెనక్కిచ్చే గడువు కరిగిపోతూనే ఉంది. తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, ఈ జవాబుల వరసవల్ల లాభపడేది వాళ్లే.

కొత్త స్ప్రింగులు, రాపిడి భాగాలు కొంత వాడకంతో సాఫీ అవుతాయన్నది అబద్ధం కాదు. కానీ నూనె సరిపడా పెట్టి, బ్యారెల్‌కి తగిన పూర్తి బలం తూటాలు వేసినా వరసగా ఆగిపోతోందంటే అది కొత్తదనం కాదు, లోపం. ఈ రెంటికీ తేడా తెలియకపోతే మీ తూటాలు ఖర్చయిపోతాయి, గడువూ దాటిపోతుంది.

అసలు తప్పు ఎక్కడుందో చెబుతాను. ఈ రైఫిల్‌లో బుల్లెట్ బ్యారెల్‌లో ముందుకెళ్తుండగా, దాని వెనకున్న గ్యాస్‌లో కొంచెం బ్యారెల్ పైనున్న చిన్న రంధ్రంలోంచి గ్యాస్ బ్లాక్‌లోకి వస్తుంది. అక్కణ్నుంచి సన్నటి గొట్టంలో వెనక్కి పరిగెత్తి, బోల్ట్‌ని మోసే ఉక్కు భాగం, అంటే బోల్ట్ క్యారియర్ మీద కూర్చున్న గ్యాస్ కీ అనే చిన్న గొట్టపు ముక్కలోకి దూరుతుంది. క్యారియర్‌ని వెనక్కి నెట్టేది ఈ గ్యాసే. దారిలో ఎక్కడ లీకైనా పంక్చరైన ట్యూబుకు గాలి కొట్టినట్టే.

గ్యాస్ కీని రెండు స్క్రూలు పట్టి ఉంచుతాయి. బిగించాక కీ అంచు లోహాన్ని పంచ్‌తో గట్టిగా కొట్టి, అది స్క్రూ తలలోకి చొచ్చుకుపోయేలా చేయాలి. దీన్నే స్టేకింగ్ అంటారు. అది ఉంటే వేడికి, అదురుకు స్క్రూ తిరగదు. నా రైఫిల్‌లో ఆ చోట పైపైన గీతలాంటి నొక్కు ఉంది, అంతే. లోహం స్క్రూని తాకనేలేదు. క్యారియర్ తీసి దీపం కింద పెడితే కీ అడుగు నుంచి రెండు పక్కలకీ విసనకర్రలా నల్లటి మసి చారలు. అలెన్ కీ పెట్టి రెండు వేళ్లతో తిప్పితే ముందు స్క్రూ కదిలింది. గ్యాస్ ఎటు పోతోందో చెప్పడానికి ఇంకేం కావాలి?

ఫొటోలు పంపితే వచ్చిన జవాబు ఇది: రైఫిల్ పంపండి, బ్యారెల్‌లో గ్యాస్ రంధ్రం పెద్దది చేసిస్తాం. దయచేసి దీనికి ఒప్పుకోకండి. లీకు అలాగే ఉంచి రంధ్రం పెంచితే ఇవాళ్టికి నడుస్తుంది. రేపు ఎవరో కీ సరిగా బిగిస్తే గ్యాస్ మోతాదు మించిపోతుంది. బోల్ట్ తొందరపడి తెరుచుకుంటుంది, ఖాళీ కేసును పట్టి లాగే కొక్కెం, అంటే ఎక్స్‌ట్రాక్టర్ అరుగుతుంది, భుజానికి దెబ్బ పెరుగుతుంది. బఫర్ (క్యారియర్ వెనక స్ప్రింగుతో కదిలే బరువు) తేలికది వేయమనడమూ ఈ కోవలోదే. కాకపోతే బఫర్ మళ్లీ మార్చుకోవచ్చు, పెంచిన రంధ్రాన్ని తగ్గించలేం.

నెపం వాడేవాడి మీదికి నెట్టడం ఈ రైఫిల్ కుటుంబానికి కొత్త కాదు లెండి. వియత్నాం యుద్ధంలో ఏఆర్-15కి సైనిక రూపమైన ఎం16లు మొరాయిస్తుంటే సైనికులు శుభ్రం చేయట్లేదన్న మాటే ముందు వినపడింది. తీరా చూస్తే తూటాల్లో మందు రకం మార్చారు, ఛాంబర్‌కి క్రోమ్ పూత లేదు, శుభ్రం చేసే సామాను కూడా చాలామందికి అందలేదు. 1967లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపితే గానీ ఇదంతా రికార్డుకెక్కలేదు.

మీ రైఫిల్ కూడా ఇలాగే చేస్తే ముందు ఒక చిన్న పరీక్ష. ఖాళీ మ్యాగజైన్ పెట్టి బోల్ట్‌ని చేత్తో పూర్తిగా వెనక్కి లాగండి. వెనకే ఆగాలి. ఆగకపోతే తప్పు మ్యాగజైన్ ఫాలోయర్‌దో (తూటాల్ని పైకి నెట్టే పలక), బోల్ట్ క్యాచ్‌దో (బోల్ట్‌ని వెనక పట్టి ఆపే మీట). గ్యాస్ జోలికి వెళ్లక్కర్లేదు. చేత్తో లాగితే ఆగుతోందనుకోండి, రేంజ్‌లో మ్యాగజైన్‌లో ఒకే ఒక్క తూటా పెట్టి కాల్చండి. అప్పుడూ బోల్ట్ వెనక ఆగాలి. ప్రతిసారీ ఆగకుండా మూసుకుపోతోందంటే షార్ట్ స్ట్రోకే. ఒక్క తూటాతో బాగానే ఆగుతూ, నిండు మ్యాగజైన్‌తో మాత్రం తూటా ముక్కు కిందికి గుచ్చుకుంటోందంటే మ్యాగజైన్ పెదవుల్ని (తూటాను పట్టి ఉంచే పై అంచులు), స్ప్రింగ్‌ని అనుమానించండి. ఖాళీ కేసు ఛాంబర్‌లోనే ఉండిపోతే అది వేరే కథ. ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగో, గరుకు ఛాంబరో చూడాలి.

గ్యాస్ రింగుల (బోల్ట్ చుట్టూ ఉండి గ్యాస్ లీకవకుండా చూసే ఉంగరాలు) సంగతి కూడా ఇంట్లోనే తేలుతుంది. క్యారియర్ బయటికి తీసి, బోల్ట్‌ని ముందుకు లాగి, బోల్ట్ ముఖం కిందికి వచ్చేలా బల్ల మీద నిలబెట్టండి. క్యారియర్ తన బరువుకే జారి కూలబడితే రింగులు అరిగినట్టు. రింగుల చీలికలు ఒకే వరసలోకి వస్తే రైఫిల్ ఆగిపోతుందన్న మాట మాత్రం పట్టించుకోకండి.

తూటాల విషయంలో ఒకటి. .223, 5.56 తూటాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. .223 అని ముద్ర ఉన్న బ్యారెల్‌లో, ఎవరు సలహా ఇచ్చినా సరే, బలం ఎక్కువని 5.56 తూటాలు వేయకండి. పీడనం మితిమీరుతుంది.

ఇక నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ‘ఆగితే చేత్తో లాగి కాలుస్తూ ఉండండి’ అన్న సలహా. ఎప్పుడో ఒక తూటాలో మందు లేకపోతేనో, చాలకపోతేనో బుల్లెట్ బ్యారెల్ మధ్యలోనే ఇరుక్కుంటుంది. మంచి రైఫిల్‌లో అప్పుడు బోల్ట్ కదలదు, మీకు వెంటనే అనుమానం వస్తుంది. మాటిమాటికీ ఆగే రైఫిల్‌కి అలవాటుపడ్డ చెయ్యి మాత్రం ఇదీ మామూలేననుకుని బోల్ట్ లాగేస్తుంది. తర్వాతి తూటా మూసుకుపోయిన బ్యారెల్‌లో పేలుతుంది. కాబట్టి చప్పుడు ఏమాత్రం నీరసంగా అనిపించినా అక్కడితో ఆపేయండి. ట్రిగ్గర్ నొక్కాక ఏమీ పేలకపోతే, బ్యారెల్‌ని గురి వైపే ఉంచి కనీసం 30 సెకన్లు కదలకండి. ఆ తర్వాతే మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేసి, బ్యారెల్‌లో అడ్డేమీ లేదని చూసుకోండి.

కొనేముందు అమ్మేవాళ్లను గ్యాస్ కీ దగ్గరి ఫొటో అడగండి. రెండు స్క్రూల పక్కనా లోహం లోపలికి నొక్కుకుపోయినట్టు స్పష్టంగా కనపడాలి. వెనక్కిచ్చే గడువు డబ్బు కట్టిన రోజు నుంచా, చేతికందిన రోజు నుంచా, ఫిర్యాదు నడుస్తుండగా ఆ గడువు ఆగుతుందా, ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. ఫిర్యాదులు ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లోనే పెట్టండి. ఫోన్‌లో ఇచ్చిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

నేను వేరేచోట కొన్న, సరిగ్గా స్టేకింగ్ చేసిన క్యారియర్ వేశాను. పాత మ్యాగజైన్లే, ‘మంచివి కావన్న’ ఆ తూటాలే. ఇప్పుడు చివరి తూటా తర్వాత బోల్ట్ ప్రతిసారీ వెనక ఆగుతోంది. పాత క్యారియర్ తిరిగి పంపాను. ‘మీరు స్క్రూ తిప్పారు కాబట్టి వారంటీ వర్తించదు’ అంటున్నారు. ఆ మాటను కూడా ఈమెయిల్‌లో రాసివ్వమన్నాను, ఇంకా పంపలేదు.