బిట్‌కాయినా, ఎథీరియమా: పెత్తనం ఎక్కడ తక్కువ?

బ్లాక్‌చెయిన్‌లో ఎవరి పెత్తనమూ ఉండదంటారు కదా, మరి ఏది నిజంగా అలా ఉంది అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ధరల గోల పక్కన పెట్టి చూస్తే పోల్చదగ్గవి రెండే: బిట్‌కాయిన్, ఎథీరియం.

ముందు రివార్డుల సంగతి, అంటే లావాదేవీలను సరిచూసి చెయిన్‌లో చేర్చేవాళ్లకు వచ్చే కొత్త కాయిన్లు. ఇందులో రెండింటికీ పాస్ మార్కులు కష్టమే. 2024 ఏప్రిల్ హావింగ్ (రివార్డు సగానికి తగ్గడం) తర్వాత బిట్‌కాయిన్‌లో బ్లాక్‌కు, అంటే ఒక్కో లావాదేవీల కట్టకు, 3.125 కాయిన్లు వస్తున్నాయి. అవి చౌక కరెంటు, వేలకొద్దీ ఏసిక్ మెషీన్లు (ఈ పనికే, అంటే మైనింగ్‌కే, చేసిన కంప్యూటర్లు) ఉన్నవాళ్లకే గిట్టుబాటు. మన ఇంటి మీటర్ మీద ఒక మెషీన్ నడిపితే చివరికి మిగిలేది బిల్లే. ఎథీరియం 2022 సెప్టెంబర్‌లో స్టేకింగ్‌కు (మెషీన్ల బదులు కాయిన్లను హామీగా ఉంచే పద్ధతికి) మారాక ఆ ఖర్చు పోయింది. వడ్డీ శాతం కూడా చిన్నవాడికీ పెద్దవాడికీ ఇంచుమించు ఒకటే, ఆ మేరకు ఇదే నయం. కానీ సొంతంగా వాలిడేటర్ (బ్లాకులు సరిచూసే ప్రోగ్రామ్) నడపాలంటే 32 ఈథర్ (ఎథీరియం కాయిన్లు) ఉండాలి. అంత లేనివాళ్లు లిడో అనే ఉమ్మడి స్టేకింగ్ సర్వీసులోనో ఏదో ఎక్స్ఛేంజీలోనో వేస్తారు. అలా 2023లో స్టేక్ అయిన ఈథర్‌లో దాదాపు మూడో వంతు ఒక్క లిడో ద్వారానే వచ్చింది. ఇంకో తేడా ఉంది. బిట్‌కాయిన్ మెషీన్లు నడిపే మైనర్ కరెంటు బిల్లు కట్టడానికి వచ్చిన కాయిన్లలో కొన్నైనా అమ్ముకోక తప్పదు. స్టేక్ చేసినవాడికి ఆ ఒత్తిడి లేదు, ఉన్నది ఉన్నట్టే పెరుగుతూ పోతుంది.

నా లెక్కలో అసలు పరీక్ష వేరే: ఒకచోట బలం పోగుపడినప్పుడు మామూలువాళ్లు కాదని పక్కకు రాగలరా?

2014 జూన్‌లో ఘాష్ అనే మైనింగ్ పూల్ (మైనర్లు కలిసి పనిచేసే గుంపు) బిట్‌కాయిన్ హ్యాష్ పవర్‌లో, అంటే మొత్తం మైనింగ్ బలంలో, సగం దాటేసింది. గగ్గోలు పుట్టింది, మైనర్లు వేరే పూల్స్‌కు మారారు, చివరికి ఆ పూలే 40 శాతం దాటబోమని మాట ఇచ్చింది. మెషీన్ మైనర్‌ది కాబట్టి సెట్టింగ్స్‌లో పూల్ అడ్రస్ ఒక్కటి మారిస్తే పని అయిపోతుంది. స్టేకింగ్‌లో బయటికి రావాలంటే క్యూలో నిలబడాలి. 2025లో ఆ క్యూ వారాల తరబడి సాగింది. ఎక్స్ఛేంజీలో వేసినవాళ్లకైతే తాళం చెవి కూడా తమ దగ్గర ఉండదు.

రూల్స్ మార్చే దగ్గర తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 2017లో యాభైకి పైగా కంపెనీలు, హ్యాష్ పవర్‌లో ఎక్కువ భాగం చేతిలో ఉన్న మైనర్లు కలిసి బిట్‌కాయిన్ బ్లాక్ సైజు పెంచాలని ఒప్పందం చేసుకున్నారు. ఇళ్లలో నోడ్లు (చెయిన్ కాపీ ఉంచుకుని రూల్స్ సరిచూసే కంప్యూటర్లు) నడిపే చాలామంది కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోబోమన్నారు. నవంబర్‌లో ఆ ప్రయత్నాన్ని విరమించుకోవాల్సి వచ్చింది. పాత కంప్యూటర్, 1 టీబీ డిస్క్ ఉంటే ఇప్పటికీ బిట్‌కాయిన్ నోడ్ నడుస్తుంది. అందుకే ఆ ‘కుదరదు’ అనే మాటకు విలువ. ఎథీరియంలో 2016లో డావో అనే ఉమ్మడి పెట్టుబడి నిధి నుంచి దాదాపు 36 లక్షల ఈథర్ దొంగ చేతికి పోతే, దాదాపు నెల రోజుల్లో చెయిన్‌నే మార్చి వెనక్కి తెచ్చారు. డబ్బు పోయినవాళ్లకు మంచే జరిగింది, కాదనను. ఒప్పుకోనివాళ్లు ఎథీరియం క్లాసిక్‌గా విడిపోయారు. అయినా ముఖ్యులు తలుచుకుంటే చరిత్రను సవరించగలరని అప్పుడే తేలిపోయింది.

సొలానా, బీఎన్‌బీ అనే వేరే చెయిన్ల గురించి కూడా అడుగుతారు. రెండూ ఆగిపోయి మళ్లీ మొదలైనవే. 2022 అక్టోబర్ హ్యాక్ అప్పుడు బీఎన్‌బీ వాలిడేటర్లు మాట్లాడుకుని చెయిన్ ఆపేశారు. వేగం కావాలంటే వాడుకోండి, ఈ పోటీలో మాత్రం అవి లేవు.

కాబట్టి నా ఓటు బిట్‌కాయిన్‌కే, ఒక్క గుబులుతో. ఈమధ్య ఫౌండ్రీ, యాంట్‌పూల్ అనే రెండు పూల్స్ కలిపితేనే సగానికి అటూ ఇటూ బ్లాకులు వస్తున్నాయి. మెషీన్ ఎవరిదైనా బ్లాక్‌లో ఏ లావాదేవీ పెట్టాలో ఎక్కువగా పూలే నిర్ణయిస్తోంది. ఆ ఎంపిక మైనర్‌కే ఇచ్చే స్ట్రాటమ్ వీ2 (మైనర్, పూల్ మాట్లాడుకునే కొత్త పద్ధతి) ఎప్పుడో తయారైంది. పెద్ద పూల్స్ ఇంకా పూర్తిగా దానికి మారలేదు.