విశాఖ ఉక్కపోతలో అండర్‌వోల్టింగ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

నేను 2019లో కొన్న ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ7-8750హెచ్ ప్రాసెసర్. ఆరు కోర్లు, 45 వాట్ల టీడీపీ (చల్లబరచవలసిన వేడికి కొలత) ఉన్న ఈ చిప్‌ను పలుచని పెట్టెలో ఇమిడ్చారు కాబట్టి, ఎంవీపీ కాలనీలో ఏసీ లేని మా గదిలో వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే ఉష్ణోగ్రత 97 డిగ్రీలకు చేరి, వేగం దానంతటదే పడిపోయేది. నాలుగేళ్లకు పైగా థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్రాసెసర్ వోల్టేజీని తగ్గించుకుంటూ (అండర్‌వోల్టింగ్ అంటే ఇదే), నోట్‌బుక్ ఫ్యాన్‌కంట్రోల్ అనే మరో సాఫ్ట్‌వేర్‌తో ఫ్యాన్లను నేనే అదుపు చేసుకుంటున్నాను. వీటిలో అసలు మేలు చేసింది మొదటిదే.

ఈ వేడికి మన ఉక్కపోతే కారణమని మొదట్లో నేనూ అనుకున్నాను. కానీ చెమట ఆరకపోతే ఉక్క మనకు. ప్రాసెసర్ వేడిని గాలిలోకి వదిలే హీట్‌సింక్‌కు చెమట పట్టదు, దానికి గాలి ఎంత వేడిగా ఉందన్నదే లెక్క. ఆ విధంగా చూస్తే వేసవిలో విజయవాడలోని ల్యాప్‌టాప్ కన్నా విశాఖలోనిదే సుఖపడుతుంది. అయితే తేమ మరో దారిన దెబ్బతీస్తుంది: లోపలికి చేరిన దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య దూదిపొరలా అతుక్కుపోతుంది. దాన్ని తీయించి, చిప్ నుంచి హీట్‌సింక్‌కు వేడిని చేరవేసే థర్మల్ పేస్ట్ మార్పించేసరికే 97 కాస్తా 91కి దిగింది. ఈ పని ముందు చేయకపోతే తర్వాతి మార్పుల్లో దేనివల్ల ఎంత తగ్గిందో తేలదు.

ప్రాసెసర్ ఖర్చు చేసే విద్యుత్తులో ప్రధాన భాగం వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుంది. అందువల్ల 1.10 వోల్టులను 0.98కి దించితే, వేగం ఏమాత్రం తగ్గకుండానే ఆ భాగంలో ఇంచుమించు ఐదో వంతు మిగులుతుంది. కోర్‌కూ క్యాష్‌కూ (చిప్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) ఒకే విలువ ఇస్తూ పదేసి మిల్లీవోల్టుల చొప్పున దిగుతూ వెళ్లాను. 140 మిల్లీవోల్టులు తగ్గించిన దగ్గర, ప్రాసెసర్‌పై పూర్తి బరువు వేసే సినీబెంచ్ పరీక్ష నిక్షేపంగా నెగ్గింది. మూడు రోజుల తర్వాత, ఏ బరువూ లేకుండా ఉత్తరం టైపు చేసుకుంటున్న సమయంలో బ్లూ స్క్రీన్ వచ్చింది. బరువు మీద నిలిచిన విలువ ఖాళీగా ఉన్నప్పుడు కూలిపోవచ్చునని అప్పుడు తెలిసింది. చివరికి 120 దగ్గర స్థిరపడ్డాను. అదే పనికి ఇప్పుడు 83 డిగ్రీలు దాటడం లేదు.

ఒకసారి కీబోర్డు మార్పించుకోవడానికి ఇచ్చినప్పుడు సర్వీసు కేంద్రంవారు అడగకుండానే బయాస్‌ను (ల్యాప్‌టాప్‌ను మొదలుపెట్టే మూల సాఫ్ట్‌వేర్) కూడా నవీకరించి పంపారు; ఇంటికి వచ్చి చూస్తే వోల్టేజీ మార్చే అవకాశమే మూసుకుపోయింది. 2019 డిసెంబరులో, వోల్టేజీ మార్చే ఈ అవకాశాన్నే దాడికి వాడుకోనిచ్చే ప్లండర్‌వోల్ట్ అనే భద్రతాలోపం బయటపడ్డాక చాలా కంపెనీలు ఈ తలుపు వేసేశాయి. అదృష్టవశాత్తు నా మోడల్‌లో పాత బయాస్‌కు వెనక్కి వెళ్లగలిగాను, ఆ భద్రతను వదులుకుంటున్నానని తెలిసే. వెళ్లలేనివారు విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 99 శాతానికి తగ్గించుకోవచ్చు. దాంతో టర్బో (అవసరమైనప్పుడు వేగాన్ని పెంచే ఏర్పాటు) ఆగి వేడి బాగా తగ్గుతుంది గాని, నా చిప్ వంటిది 4.1 గిగాహెర్ట్జ్ వరకు వెళ్లగలిగి ఉండి కూడా 2.2 దగ్గరే ఉండిపోతుంది.

ఫ్యాన్ల వల్ల తగ్గింది మూడు డిగ్రీలే. వాటి అదుపు నాకు ఉపయోగపడింది చప్పుడు తగ్గించుకోవడానికి. వేగం పెరిగే ఉష్ణోగ్రతకూ తిరిగి తగ్గే ఉష్ణోగ్రతకూ నడుమ ఎడం ఉంచకపోతే, ఫ్యాన్ నిమిషానికి నాలుగుసార్లు లేచి పడుతూ నిలకడగా మోగేదాని కన్నా ఎక్కువ విసిగిస్తుంది. 65 దగ్గర పెరిగి 55 దగ్గర తగ్గేలా పెట్టుకున్నాక రాత్రిపూట గదిలో చప్పుడు వినిపించడం లేదు. ఈ మధ్య ఎడమ ఫ్యాన్ బేరింగ్ గరగరలాడుతోంది; అది మాత్రం మార్పించవలసిందే.