సెంటినెల్-2 చిత్రాలతో అడవి లెక్కలు: ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు

అడవి వనరుల పట్టిక తయారైన రోజు నుంచే పాతబడుతుంది. ఒకచోట కూపు (నరకడానికి కేటాయించిన అడవి ముక్క) నరుకుతారు, ఇంకోచోట కార్చిచ్చు పడుతుంది, మరోచోట గాలివానకు చెట్లు కూలతాయి. ఏటా ప్రతి కంపార్ట్‌మెంటూ (అడవి శాఖ గీసిన విభాగం) కొలవడం ఎవరి వల్లా కాదు. సిబ్బంది ముందుగా ఎక్కడికి వెళ్లాలో తేల్చడానికి యూరప్ ఉపగ్రహాలైన సెంటినెల్-2 తీసే చిత్రాలు అద్భుతంగా పనికొస్తాయి. చెట్ల కొలతలకు మాత్రం పనికిరావు.

చిత్రాలు ఉచితం. యూరప్ భూ పరిశీలన కార్యక్రమం కోపర్నికస్ వారి డేటా స్పేస్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే చాలు. రెండు ఉపగ్రహాలు కలిసి భూమధ్యరేఖ దగ్గర 5 రోజులకోసారి అదే చోటును చూస్తాయి. 13 బ్యాండ్లలో (వేర్వేరు రకాల వెలుతురును విడిగా నమోదు చేసే పొరలు) నాలుగింటి పిక్సెల్ (చిత్రంలోని ఒక్కో గడి) 10 మీటర్లు, ఆరింటిది 20, మూడింటిది 60. అర హెక్టారు ముక్కలో 10 మీటర్ల పిక్సెళ్లు 50 పడతాయి; అమెరికా ఉపగ్రహాలైన లాండ్‌శాట్ 30 మీటర్ల పిక్సెళ్లయితే ఐదారే. అయితే 2015కు ముందు నాటిన తోట వయసు తేల్చాలంటే 1980ల దాకా వెనక్కి వెళ్లగలిగే లాండ్‌శాటే దిక్కు.

గాలిలోని దుమ్ము, ఆవిరి ప్రభావాన్ని తీసేసిన (వాతావరణ సవరణ జరిగిన) ఎల్2ఏ రకం చిత్రాలే తీసుకోండి. పోల్చే రెండేళ్ల చిత్రాలూ ఒకే రుతువువి కావాలి, లేకపోతే ఆకు రాలిన అడవి నరికిన అడవిలా కనిపిస్తుంది. ప్రతి పిక్సెల్ మేఘమో, నేలో, నీరో చెప్పే ఎస్‌సీఎల్ పొరలో 3, 8, 9, 10 అంకెలున్న పిక్సెళ్లను (మేఘపు నీడ, మేఘాలు, పలుచని సిర్రస్) తీసేయండి. ఈ పొర మేఘం అంచులను తరచూ వదిలేస్తుంది కాబట్టి ముసుగును (తీసేసే ప్రాంతాన్ని) చుట్టూ మరో 100 మీటర్లు పెంచడం మంచిది. తర్వాత బీ8ఏ (సమీప పరారుణ), బీ12 (హ్రస్వతరంగ పరారుణ) బ్యాండ్ల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఎన్‌బీఆర్ వస్తుంది; చెట్లు పోయినచోట తగ్గే సూచిక ఇది. పాత విలువలోంచి కొత్తది తీసేసి, ఎంత తగ్గితే మార్పుగా లెక్కించాలో మీ అడవిలో నరికినట్టు రికార్డున్న కూపుల మీద చూసి నిర్ణయించండి. కార్చిచ్చు తీవ్రత పట్టికల అంకెలు అరువు తెచ్చుకోవద్దు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే పొరపాటు ఒకటుంది. 2022 జనవరి 25 నుంచి వచ్చిన చిత్రాల్లో ప్రతి విలువకూ 1000 కలిసి ఉంటుంది. దాన్ని తీసేసి 10000తో భాగించాలి. మరిచిపోతే ఏమవుతుందో చూడండి: బీ8ఏ 0.30, బీ12 0.08 ఉన్న ఆరోగ్యమైన అడవి ఎన్‌బీఆర్ 0.58, 1000 తీయకపోతే 0.38. ఒక్క చెట్టూ పడకుండానే అడవంతా దెబ్బతిన్నట్టు మ్యాపు వస్తుంది. పాత చిత్రాలను మళ్లీ ప్రాసెస్ చేసిన ప్రతుల్లోనూ ఈ 1000 ఉండవచ్చు. అందుకే తేదీని నమ్మకుండా ఫైలు పేరులో ప్రాసెసింగ్ వెర్షన్ అంకె ఎన్0400 (N0400) లేదా అంతకన్నా పెద్ద అంకె ఉందేమో చూడండి.

పై కప్పు విడిపోకుండా అక్కడక్కడా ఒక్కో చెట్టు తీస్తే ఈ చిత్రాలు పట్టుకోలేవు. చిక్కటి అడవిలో ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) ఒక స్థాయి దాటాక పెరగదు, కాబట్టి దాన్నిబట్టి కలప ఘనపరిమాణం చెప్పడం తప్పు. సూర్యుడు వాలి ఉండే నెలల్లో కొండ వాలు నీడలూ మోసం చేస్తాయి. మేఘాలు వదలని నెలల్లో మేఘాల గుండా చూడగలిగే సెంటినెల్-1 ఉపగ్రహాల రాడార్ ఆదుకుంటుంది, కానీ నిటారు వాలుల్లో దాని సంకేతం వంకర తిరుగుతుంది.

మారిన విస్తీర్ణాన్ని మ్యాపులో పిక్సెళ్లు లెక్కపెట్టి నివేదికలో రాయకండి. మారిన చోటా, మారని చోటా యాదృచ్ఛికంగా బిందువులు ఎంచి, ఒక్కొక్కటీ చూసి, ఆ తప్పుల నిష్పత్తితో విస్తీర్ణాన్ని సవరించాలి. మారని చోట బిందువులు తగ్గించారంటే, మ్యాపు పట్టుకోలేక వదిలేసిన నరుకుళ్లు లెక్కలోకే రావు.