చెషైర్ చీజా? జార్జ్ ఇన్నా?

లండన్‌లో చేతిలో ఒక్క సాయంత్రమే ఉంటే ఈ రెండు పాత పబ్బుల్లో దేనికి వెళ్లాలి?

వయసు: ఫ్లీట్ స్ట్రీట్ పక్కసందులోని చీజ్‌ను 1666 అగ్నిప్రమాదం తర్వాత 1667లో మళ్లీ కట్టారు. సదర్క్‌లోని జార్జ్‌ను 1677లో. పదేళ్ల తేడాకి తగువు అనవసరం.

జ్ఞాపకాలు: చీజ్‌లో పాలీ అనే చిలక ఉండేది. 1926లో అది పోతే పత్రికలు సంతాపవార్తలు వేశాయి! జార్జ్‌ది గుర్రపుబళ్లు ఆగే సత్రం కథ. ముంగిలి చుట్టూ ఉన్న వసారాలను రైల్వేవాళ్లు కూల్చగా ఒక్క పక్కే మిగిలింది; 1937 నుంచి పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్‌ది.

ఖర్చు: టికెట్ లేదు, గ్లాసు ధరే.

శ్రమ: జార్జ్ లండన్ బ్రిడ్జ్ స్టేషన్‌కి నాలుగడుగులు. చీజ్ సందు దాటిపోయి వెనక్కి రావడం మామూలే.

రిస్కు: చీజ్‌లో పైకప్పు తగిలి నెత్తి బొప్పి కడుతుంది. జార్జ్ ముంగిట్లో వాన.

పిల్లలతో, ఎండపూట అయితే జార్జ్. చలికాలం, ఇద్దరే, తీరిగ్గా కబుర్లంటే మాత్రం చీజే.