పిల్లల కోసం స్కాన్: పొట్ట మీదా, టీవీఎస్సా? ట్యూబులకు ఏది మేలు?

పెళ్లయి రెండేళ్లు దాటాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సెంటర్‌లో నాకు మొదటి స్కాన్ తీశారు. లీటరు నీళ్లు తాగి, టోకెన్ పట్టుకుని గంటన్నర ఆపుకుని కూర్చున్నాను. ఎదురుగోడ మీద లింగ నిర్ధారణ చేయబడదనే బోర్డు. అసలు కడుపే పండని నాకు ఆ అక్షరాలు చదువుతూ కూర్చోవడం చాలా కష్టమైంది. పొట్ట మీద జెల్ రాసి ఐదు నిమిషాల్లో ముగించారు. రిపోర్ట్‌లో అంతా నార్మల్.

నాలుగు నెలలకు మెట్రో ఎక్కి అమీర్‌పేట వెళ్లి టీవీఎస్, అంటే యోని ద్వారా చేసే స్కాన్, చేయించుకున్నాను. కుడి అండాశయంలో 3 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ ఉంది. డాక్టరమ్మ స్క్రీన్ నా వైపు తిప్పి, "మామూలు నీటి బుడగైతే నల్లగా ఉంటుందమ్మా. ఇది చూడు, విబూది చల్లినట్టుంది. లోపల పాత రక్తం" అన్నారు. నెలనెలా నేను పడ్డ నొప్పికి అప్పుడు పేరు దొరికింది.

పిల్లల కోసం చూసేవాళ్లకు టీవీఎస్సే మేలని అందుకే గట్టిగా చెబుతాను. ఇందులో సన్నటి ప్రోబ్‌ను యోని ద్వారా పెడతారు. అది గర్భసంచికి, అండాశయాలకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీ వాడొచ్చు, బొమ్మ స్పష్టంగా వస్తుంది. పొట్ట మీద నుంచైతే చర్మం, కొవ్వు దాటి చూడాలి. పైగా టీవీఎస్‌కు మూత్రం పోసుకుని వెళ్లడమే, ఆపుకోనక్కర్లేదు. సిగ్గు అనిపిస్తుంది, నిజమే. లేడీ డాక్టర్ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. పెద్ద ఫైబ్రాయిడ్లు (గర్భసంచి గడ్డలు) పైదాకా పెరిగితే మాత్రం పొట్ట మీది స్కాన్ కూడా కావాలి. కలయిక జరగనివాళ్లకు టీవీఎస్ చేయరు.

ఏ రోజు వెళ్లాలన్నది కూడా ముఖ్యం. పీరియడ్ రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు అయితే 2 నుంచి 10 మిల్లీమీటర్ల చిన్న ఫాలికిల్స్‌ను (అండం పెరిగే సంచులను) లెక్కపెట్టి, అండాల నిల్వ ఎంతుందో అంచనా వేస్తారు. అండం ఎదిగి విడుదలవుతోందా అని చూసే ఫాలిక్యులర్ స్టడీ వేరు. పీరియడ్ తొమ్మిదో, పదో రోజు నుంచి రోజు విడిచి రోజు చూస్తారు. ఫాలికిల్ రోజుకు దాదాపు 2 మిల్లీమీటర్లు పెరిగి, 18 నుంచి 24 మిల్లీమీటర్ల మధ్య పగులుతుంది. ఒక్క స్కాన్‌తో రెండూ తేలవు.

ఇక ట్యూబులు, అంటే అండం గర్భసంచికి చేరే దారులు. బాగున్న ట్యూబు మామూలు టీవీఎస్‌లో కనిపించదు, నీరు చేరి ఉబ్బితేనే కనిపిస్తుంది. అందుకే హెచ్‌ఎస్‌జీ, లేదా సెలైన్ గానీ నురగ గానీ ఎక్కించి చేసే స్కాన్. హెచ్‌ఎస్‌జీలో డై ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. ట్యూబు ఆకారం మొత్తం, ఎక్కడ మూసుకుందో కూడా తెలుస్తుంది. మన దగ్గర టీబీ వల్ల ట్యూబులు పాడవడం ఎక్కువ కాబట్టి ఆ అనుమానం ఉంటే ఇదే చేయించుకోవాలంటాను. నురగ స్కాన్‌లో రేడియేషన్ ఉండదు, నొప్పి తక్కువ, అండాశయాలను కూడా ఒకేసారి చూడొచ్చు. కానీ చేసే చేయి అనుభవమున్నది కావాలి. ట్యూబుల్లో సమస్య ఉండే అవకాశం తక్కువున్న వెయ్యి మందికి పైగా మహిళలపై నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనం 2022లో వచ్చింది. హెచ్‌ఎస్‌జీ, నురగ స్కాన్‌లలో ఏ పరీక్ష ఆధారంగా వైద్యం చేసినా బిడ్డ పుట్టిన శాతం దాదాపు సమానమే. టీబీ అనుమానం లేకపోతే, అనుభవమున్న డాక్టర్ దొరికితే, నేనైతే నురగ స్కానే ఎంచుకుంటాను. నాకు చేసింది హెచ్‌ఎస్‌జీ. డై వెళ్లిన ఆ నిమిషం మంచం అంచు పట్టుకుని పళ్లు బిగించాను. భయంతో ట్యూబు బిగుసుకుపోయినా మూసుకుపోయినట్టే కనిపిస్తుందట. కాబట్టి ఒక్క రిపోర్ట్‌లో "బ్లాక్" అని రాగానే కుంగిపోకండి, మళ్లీ అడగండి.

ట్యూబుల పరీక్షకు డేట్ తీసుకునే ముందే మీవారి సీమెన్ రిపోర్ట్ చేతిలో ఉండాలి. దానికి సూది లేదు, నొప్పి లేదు. మావారు వెళ్లింది నా హెచ్‌ఎస్‌జీ అయిన ఆరు నెలలకు.