పక్క ఊరితో కలవాలా, తొమ్మిదిమందితోనే ఆడాలా? చిన్న హర్లింగ్ క్లబ్బుకు ఏది మేలు

ఐర్లండ్‌లో డబ్లిన్ దాటి పల్లెల్లో ఇళ్ళు కొనుక్కుంటున్న మనవాళ్ళు ఈమధ్య పెరిగారు. పిల్లలు ఊరి బడిలో చేరతారు, కొన్నాళ్ళకే చేతికి హర్లీ, అంటే హర్లింగ్ అనే ఐరిష్ ఆటలో బంతిని కొట్టే కర్ర, వస్తుంది, ఆర్నెల్లు తిరక్కుండానే మనం వానలో గొడుగేసుకుని గ్రౌండు పక్కన నిలబడతాం. ఆ తర్వాత నాకు ఫోన్లు మొదలు. "అన్నా, మా క్లబ్బులో అండర్-13కి పదకొండుమందే ఉన్నారు. పక్క ఊరితో కలుపుతారట. మంచిదేనా? లేకపోతే టౌన్లో పెద్ద క్లబ్బుకు మార్చెయ్యమంటావా?" ఈ యేడు నలుగురికి ఇదే జవాబు చెప్పాను. ఐదోసారి చెప్పేకంటే రాసిపెట్టడం నయమనిపించింది.

ముందే చెప్పేస్తా, ఈ ఆట నేను ఆడి పెరిగింది కాదు. చిర్రగోనె తప్ప కర్రతో ఆడిందేమీ లేదు. కొడుకు వెనకాల వెళ్ళి, కోన్లు సర్దుతూ సర్దుతూ, మా ఊరి అండర్-13 జట్టుకు ముగ్గురు కోచుల్లో ఒకణ్ణయ్యాను. ఒక దుకాణం, ఒక చర్చి, రెండు పబ్బులు, అంతే మా ఊరు. ఏ యేట ఎంతమంది పిల్లలు పుడితే పన్నెండేళ్ళకు మా జట్టు అంత. పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ఊళ్ళ పరిధి) దాటి పిల్లల్ని తెచ్చుకునే వీల్లేదు.

రెండేళ్ళ కిందట మేమూ పక్క ఊరితో కలిశాం. మావాళ్ళు పదకొండుమంది, వాళ్ళు పదిహేనుమంది. పేరు రెండూళ్ళది, జెర్సీ కొత్తది. పదిహేనుమందితో నిండు ఆట, పై డివిజన్లో చోటు, గట్టి క్లబ్బులతో పోటీ. ఆ యేడు ఓడినవాటికంటే గెలిచినవే ఎక్కువ. నా కొడుకు కాస్త ఆడగలడు కాబట్టి వాడికి బాగా పనికొచ్చింది కూడా. తండ్రిగా అడిగితే ఆ యేడు భేషని చెప్తాను.

కోచ్‌గా మాత్రం ఒక శనివారం పొద్దున మర్చిపోలేను. మా వీధి చివరి ఇంట్లో ఓ పిల్లాడున్నాడు, పదకొండేళ్ళు, మాట తక్కువ. రెండో సగంలో వాణ్ణి కార్నర్ ఫార్వర్డ్‌గా, అంటే అవతలి గోల్ పక్క మూలన దాడి చేసేవాడిగా, దింపారు. పెద్దల పిచ్ అంటే పొడవే 130 మీటర్లకు తక్కువ ఉండదు. పిల్లలకు కొంచెం కుదించినా వాడికది అంతులేని మైదానమే. నేను గీత పక్కన నిలబడి లెక్కపెట్టాను. స్లిటర్ (ఈ ఆట బంతి) వాడి దగ్గరికి రెండుసార్లు వచ్చింది. ఒకసారి వంగి లేపబోతే వెనకనుంచి డిఫెండర్ కర్ర తగిలించాడు. రెండోసారి గీత దాటిపోయింది, గీత మీదనుంచి మళ్ళీ ఆటలోకి కొట్టే ఆ సైడ్‌లైన్ కట్ వేరేవాడు కొట్టాడు. మిగతా సమయమంతా వాడు హర్లీ కొసతో గడ్డిలో చిన్న గుంత తవ్వుతూ నిలబడ్డాడు. మ్యాచ్ గెలిచాం. వాళ్ళమ్మ కారులో ఎక్కించుకుంటుంటే ఆ గుంతను నేనే బూటుతో పూడ్చాను.

అదే పిల్లాడు మా ఊళ్ళో మంగళవారం సాయంత్రం, సగం పిచ్‌లో, తొమ్మిదిమంది ఆటలో ఇంకోలా ఉంటాడు. వంగుతాడు, జారవిడుస్తాడు, మళ్ళీ వంగుతాడు. ఎంతమంది వచ్చినా బంతి వాడి కాళ్ళ దగ్గరికే వస్తుంటుంది, తప్పించుకునే దారి లేదు. ఇరవై దాకా లెక్కపెట్టి వదిలేశాను.

కలిసి ఆడిన ఆ యేడు తర్వాతి వసంతంలో మా పదకొండుమందిలో నలుగురు పేరు నమోదు చేయించుకోలేదు. నలుగురూ బెంచీ మీదవాళ్ళే. ఎవరి తప్పూ అని చెప్పలేం. పక్క ఊరి కోచ్ తన పిల్లల్ని చూసుకున్నాడు, మేం మా పిల్లల్ని వాళ్ళు చూస్తున్నారనుకున్నాం. పదిమందిలో పాము చావదు.

నా లెక్కలో ఈ ప్రశ్నకు అసలు ముడి ఇదే. గట్టి క్లబ్బుకూ బక్క క్లబ్బుకూ తేడా పైనున్న ముగ్గురిలో లేదు. ఎంత చిన్న ఊళ్ళోనైనా ఎవరి జట్టులోకైనా నేరుగా దిగిపోగల ఇద్దరు ముగ్గురుంటారు. పెద్ద క్లబ్బులో పదిహేనోవాడు ఎనిమిదోవాడికి కొంచెమే తక్కువ. మా దగ్గర ఎనిమిదోవాడి తర్వాత నుయ్యే. అవతలి జట్టుకు పెద్ద వ్యూహమేం అక్కర్లేదు, పకౌట్ (గోల్‌కీపర్ బంతిని మళ్ళీ ఆటలోకి కొట్టే దెబ్బ) మా బలహీనమైన మూలకు కొడితే చాలు. అందుకే ఏ దారి గురించైనా నేను అడిగేది ఒక్కటే: తొమ్మిదోవాడినుంచి పదిహేనోవాడిదాకా ఉన్న పిల్లలు పద్దెనిమిదేళ్ళకు ఇంకా ఆడుతుంటారా? పన్నెండేళ్ళప్పుడు ఆట మానేసినవాడు ఇరవయ్యేళ్ళప్పుడు జూనియర్ జట్టులో (పెద్దల్లోనే కింది స్థాయి జట్టు అది) మూల కాపాడే కార్నర్ బ్యాక్‌గా దొరకడు.

"కలిసిన క్లబ్బులే కదా కప్పులు కొట్టింది" అని ఒకాయన నిలదీశాడు. నిజమే. కిల్కెన్నీలోని బాలీహేల్ షామ్‌రాక్స్ పుట్టిందే 1972లో, ఒకే పారిష్‌లోని చిన్న క్లబ్బులు ఏకమైతే. ఇప్పటికి ఆలిండియా కాదు, ఆల్ ఐర్లండ్ క్లబ్ కప్పులు తొమ్మిది. (ఈ తడబాటు నాకు మామూలే, ఇంట్లో నవ్వుతారు.) గాల్వేలో సెయింట్ థామస్ కూడా 1968లో కిల్‌క్రీస్ట్, పీటర్స్‌వెల్ కలిసి ఏర్పడిందే, 2013లో, 2024లో ఆల్ ఐర్లండ్ గెలిచింది. కానీ వాళ్ళు చేసింది వేరు. పిల్లల నుంచి పెద్దల దాకా ఒక్క ఇల్లయిపోయారు, ఇక విడిపోయేది లేదన్నట్టు. ప్రతి పిల్లాడూ వాళ్ళ పిల్లాడే. మనకు చెప్తున్నది ఏడాదికోసారి అరువు తెచ్చుకునే కలయిక: జనవరిలో కాగితం మీద కలుస్తాం, సీజన్ అయ్యాక ఎవరి దారి వారిది. ఇంకోమాట, 1981లో బాలీహేల్ మొదటిసారి ఆల్ ఐర్లండ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఏడుగురు ఫెనెల్లీ ఇంటి అన్నదమ్ములే. అది ఏ కమిటీ తీర్మానంతోనూ వచ్చేది కాదు!

ఇక విడిగా తొమ్మిదిమందితో ఆడటం. దీని లోపాలు దాచను. ఎత్తులోంచి దిగే బంతిని నలుగురి మధ్య చెయ్యెత్తి పట్టుకోవడం సగం పిచ్‌లో రాదు. ఏ చోటు ఎవరిదో తెలియదు, అందరూ బెల్లం చుట్టూ ఈగల్లా మూగుతారు. ఒకడికి జ్వరం, ఇంకొకడికి చెల్లెలి కమ్యూనియన్ (చర్చిలో జరిపే వేడుక) అంటే మ్యాచే ఎగిరిపోతుంది. బాగా ఆడేవాళ్ళకు విసుగొస్తుంది, మావాడు రెండు నెలలు మొహం మాడ్చుకున్నాడు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏటా అవే మూడు ఊళ్ళతో ఆడటం.

చివరి చిక్కుకు ఒక మందుంది. హర్లింగ్ పలచగా ఉన్న కౌంటీల్లోని పిల్లల జట్ల కోసం టోయిన్ ఓగ్ లీగ్ ఉంది. కౌంటీ సరిహద్దు చూడకుండా, సమ ఉజ్జీలైన క్లబ్బుల్ని చూసి జోడిస్తారు. మీ క్లబ్బు అలాంటి కౌంటీలో ఉంటే సెక్రటరీని అడగండి. అది లేనిచోట మేం చేసేది ఇది: అవతలి కోచ్‌కు ముందురోజే ఫోన్ చేసి మా దగ్గర పదిమందే ఉన్నారని చెప్తాం. చాలామంది తమ జట్టునూ పదికి తగ్గించి, మిగిలినవాళ్ళతో పక్కనే ఇంకో ఆట పెడతారు.

విసుగొచ్చిన మంచి ఆటగాడికి గోడ ఉంది. గోడకు పదిహేనుమంది అక్కర్లేదు. మా క్లబ్బు షెడ్డు గోడ మీద సుద్దతో ఒక గీత గీశాం, ప్రాక్టీసుకు ముందు పది నిమిషాలు. కుడివైపు ఇరవై, ఎడమవైపు నలభై, బంతి నేల తాకకూడదు. ఎడమవైపు ఎందుకు రెట్టింపంటే ఎవరూ ఇష్టంగా కొట్టరు కాబట్టి. వీధి చివరి పిల్లాడు మొదట్లో వరసగా మూడు దాటేవాడు కాదు. తిరిగి వచ్చినవాళ్ళలో ఇప్పుడు వాడొకడు, నిరుడు వేసవికల్లా నలభై అందుకున్నాడు. వాడి హర్లీ రెండంగుళాలు పొడవెక్కువని మేం గుర్తించడానికే ఒక యేడు పట్టింది, అది మా తప్పు. హర్లీ తుంటి ఎముకను దాటకూడదు. కొత్తగా కొనేవాళ్ళు "ఎదుగుతాడు కదా" అని పెద్దది కొనకండి, అది స్కూలు యూనిఫాం కాదు.

టౌన్లోని పెద్ద క్లబ్బుకు మార్చడం గురించి ఎక్కువ చెప్పను. పారిష్ నిబంధన ఉన్న కౌంటీల్లో ఇల్లు మారితే తప్ప అది కుదరదు, కుదిరినా అక్కడ మూడో జట్టులో ఆడతాడు, సాయంత్రం ఆడుకునే స్నేహితులు ఇక్కడే ఉంటారు. బయటినుంచి పేరున్న కోచ్‌ను పిలిపించడం ఒక సాయంత్రానికి సరదా. కార్క్‌లోలాగ డివిజన్ జట్లు, అంటే ఒక ప్రాంతంలోని చిన్న క్లబ్బుల ఆటగాళ్ళతో కూర్చిన జట్లు, మంచి ఏర్పాటే, అలాంటి జట్టే అయిన ఇమొకిలీ 2017, 2018, 2019 వరసగా మూడేళ్ళు కౌంటీ సీనియర్ గెలిచింది, చిన్న క్లబ్బుల కుర్రాళ్ళకు పెద్ద ఆట రుచి చూపించింది. అయితే అది పెద్దయ్యాక సంగతి, మీరడిగింది పన్నెండేళ్ళ పిల్లాడి గురించి.

కాబట్టి నా ఓటు: అండర్-13 దాకా విడిగా, ఎంతమంది ఉంటే అంతమందితో. అండర్-15కి వచ్చాక కలవక తప్పదు, అప్పుడు నిండు పిచ్ కావాలి, ఎత్తు బంతి కావాలి. కలిసేముందు మాత్రం కాగితం మీద రాయించుకోండి. ప్రాక్టీసు ఒక వారం మీ గ్రౌండ్లో, ఒక వారం వాళ్ళ గ్రౌండ్లో. ఇద్దరు కోచుల్లో ఒకరు మీవాళ్ళు. ప్రతి పిల్లాడికీ కనీసం ఒక సగం ఆట. ఈ మూడోది మేం అడిగితే పక్క ఊరివాళ్ళు రెండు మీటింగులు తల గోక్కున్నారు, మూడోదాంట్లో ఒప్పుకున్నారు. ఫైనల్‌కు మాత్రం మినహాయింపు పెట్టారు. సరే, ఫైనల్‌కు వచ్చినప్పుడు చూసుకుందాం.

మా షెడ్డులో 28 అంగుళాల హర్లీలు రెండు, పిల్లల హెల్మెట్లు మూడు వాడకుండా పడున్నాయి. దగ్గర్లో ఎవరైనా కొత్తగా మొదలుపెడుతుంటే వచ్చి తీసుకోండి. మంగళవారం సాయంత్రం ఆరింటికి గోడ దగ్గరే ఉంటాను.