ఏడేళ్లు వాడాక క్లియర్ స్టాంపులు, ఇంకు ప్యాడ్లు, స్టాంపింగ్ ప్లాట్‌ఫామ్

చేత్తో గ్రీటింగ్ కార్డులు తయారు చేయడానికి నేను మొదట కొన్నవి మూడే: పువ్వుల బొమ్మలున్న ఒక క్లియర్ స్టాంపుల (ఇంకు అద్ది కాగితం మీద బొమ్మ ముద్రించే పారదర్శకమైన అచ్చుల) సెట్టు, ఆ స్టాంపును అంటించి చేత్తో పట్టుకునే ఒక అక్రిలిక్ బ్లాకు, ఒక నల్ల ఇంకు ప్యాడ్. ఈ ఏడేళ్లలో స్టాంపులు రెండు అరల నిండా చేరాయి, వాటిలో సగం ఒకటి రెండు సార్లకు మించి ఇంకు ముఖం చూడలేదు. కొన్న వారంలో రాసే సమీక్షల్లో ప్రతి వస్తువూ బాగానే కనిపిస్తుంది కనుక, ఇన్నాళ్లు వాడి, కొన్నిటిని పాడుచేసి, కొన్నిటిని మళ్లీ కొని, కొన్నిటిని మూలన పడేశాక ఏది నిలిచిందో రాద్దామనుకున్నాను. ముద్ర సరిగ్గా పడకపోతే మనం ముందు స్టాంపునే అనుమానిస్తాం. నా చేతిలో చెడిపోయిన కార్డుల్లో మాత్రం ఎక్కువ భాగం ఇంకుకూ కాగితానికీ పొత్తు కుదరక చెడిపోయినవే.

అయినా స్టాంపుల సంగతి ముందు చెప్పాలి. క్లియర్ స్టాంపుల్లో మేలైనవి ఫోటోపాలిమర్ అనే మెత్తని పారదర్శక ప్లాస్టిక్‌తో చేసినవి. బ్లాకుకు వాటంతట అవే అంటుకుంటాయి, కింద కాగితం కనిపిస్తుంది కనుక బొమ్మ ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది. కొత్త స్టాంపు మీద అచ్చు నుంచి వచ్చిన సన్నని పొర ఉంటుంది. దాని వల్ల ఇంకు పరుచుకోకుండా తామరాకు మీద నీళ్లలా బొట్లు కడుతుంది. ఈ విషయం తెలియక మొదటి సెట్టునే తిరిగి పంపేయబోయాను. పెన్సిలు రాతను చెరిపే తెల్ల రబ్బరుతో స్టాంపు ముఖాన్ని ఒక్కసారి తేలిగ్గా రుద్దితే ఆ పొర పోయి ముద్ర నిండుగా పడుతుంది. కాలం గడిచేకొద్దీ స్టాంపులు పసుపురంగుకు తిరుగుతాయి, ఇంకు మరకలు పడతాయి, ముద్రకు వీటి వల్ల వచ్చే నష్టమేమీ లేదు. అసలు శత్రువు ఎండ. కిటికీ పక్కన బల్ల మీద మరిచిపోయిన ఒక సెట్టు ఒక్క వేసవిలో జిగటగా మారి, ఆకుల అంచులు మెత్తబడి, ఎందుకూ పనికిరాకుండా పోయింది. అప్పటి నుంచి అన్నిటినీ మూత ఉన్న పెట్టెలోనే ఉంచుతున్నాను. ఆల్కహాల్ లేని తడి వైప్‌తోనే తుడుస్తాను, బ్లాకుకు పట్టు తగ్గినప్పుడు కొద్దిగా సబ్బు నీళ్లతో కడిగి ఆరబెడితే మళ్లీ అంటుకుంటాయి. ఎర్ర రబ్బరు స్టాంపులు నా దగ్గర నాలుగే ఉన్నాయి. వాటికి పారదర్శకత లేకపోయినా, ఎంత కఠినమైన ఇంకునైనా తట్టుకోవడంలో క్లియర్ స్టాంపులు వాటి ముందు దిగదుడుపే.

ఇక ఇంకులు. నా డబ్బూ కాగితమూ ఎక్కువగా వృథా అయింది ఇక్కడే. డై ఇంకు కాగితంలోకి ఇంకిపోయి త్వరగా ఆరుతుంది, కానీ వెలుతురులో ఏళ్ల తరబడి ఉంటే వెలుస్తుంది. పిగ్మెంట్ ఇంకు కాగితం పైభాగాన నిలుస్తుంది, రంగు చిక్కగా ఉంటుంది, ఆరడానికి మాత్రం ఓపిక కావాలి, నున్నటి పూత ఉన్న కాగితం మీదైతే గంటల తర్వాత కూడా వేలికి అంటుతుంది. గాజు, ప్లాస్టిక్ వంటి వాటి మీద కూడా ఆరిపోయే సాల్వెంట్ ఇంకు మూడో రకం. ఒకసారి ఒకే నమూనాలో ఇరవై కార్డుల మీద సాల్వెంట్ ఇంకుతో గీతల పూలు ముద్రించి, పూర్తిగా ఆరాయని నిర్ధారించుకుని, ఆల్కహాల్ మార్కర్‌తో (ఆల్కహాల్‌లో కరిగిన రంగున్న పెన్నుతో) గులాబీ రంగు వేయడం మొదలుపెట్టాను. మొదటి రేకు మీద మార్కర్ కదలగానే నల్ల గీత కరిగి రంగులోకి పాకింది, మార్కర్ మొన కూడా నల్లబడింది. ఇంకులో తప్పు లేదు, మార్కర్‌లో తప్పు లేదు, రెండింటినీ కలపడమే తప్పు. ఆల్కహాల్ మార్కర్ల కింద మెమెంటో వంటి డై ఇంకు చెదరదు. నీటి రంగులు వేయాలంటే వెర్సాఫైన్ వంటి, ఆరాక నీటికి కరగని ఇంకు కావాలి. డిస్ట్రెస్ ఇంకుల తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకం: నీరు తగిలితే పాకడమే వాటి గుణం, నేపథ్యాలు వేయడానికి అదే అక్కరకు వస్తుంది. ఏ ఇంకు మీద ఏ రంగు నిలుస్తుందో చిన్న ముక్కల మీద వేసి చూసి, ఆ ముక్కలన్నిటినీ ఒక తాడుకు గుచ్చి బల్ల పక్కన వేలాడదీశాను. ఈ ఏడేళ్లలో నేను చేసిన పనుల్లో అతి ఎక్కువగా ఉపయోగపడింది ఆ దండే.

కాగితం విషయంలో కూడా పొదుపు చేయబోయి నష్టపోయాను. కార్డుగా మడిచే కాగితం 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) ఉంటేనే కార్డు నిలబడుతుంది, 180 జీఎస్ఎం కాగితంతో చేసినవి అలంకరణ బరువుకు ముందుకు వంగాయి. మార్కర్లకు నున్నటి కాగితం కావాలి, నీటి రంగులకు నీటిని పీల్చుకునే గరుకు కాగితం కావాలి. ఆ గరుకు మీదే స్టాంపు ముద్ర మచ్చలు మచ్చలుగా పడుతుంది.

ఆ చిక్కును తీర్చింది స్టాంపింగ్ ప్లాట్‌ఫామ్. ఒక పలక, దానికి కీలుతో బిగించిన పారదర్శకమైన తలుపు, కాగితం కదలకుండా ఉంచే అయస్కాంతాలు, అంతే. స్టాంపును తలుపుకు అంటించి మూస్తే ముద్ర పడుతుంది. ఎక్కడైనా ఇంకు సరిగ్గా అందకపోతే కాగితాన్ని తీయకుండానే మళ్లీ ఇంకు పూసి మళ్లీ మూయవచ్చు, రెండో ముద్ర మొదటిదాని మీదే వెంట్రుకవాసి తేడా లేకుండా పడుతుంది. పలకలో వచ్చే మెత్తని ఫోమ్ పరుపు పలుచని క్లియర్ స్టాంపుల కోసం, మందమైన రబ్బరు స్టాంపులకు దాన్ని తీసేయాలి. లోపాలూ ఉన్నాయి. ఐదో ఏడు నుంచి నా దాని కీలు కాస్త వదులైంది, తలుపును కుడిచేతి వైపు తోసి పట్టుకోవాల్సి వస్తోంది. అయస్కాంతాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఢీకొన్నప్పుడు ఒకటి పెచ్చు లేచింది. అయినా ఉన్న సామాన్లలో ఒక్కటే మిగుల్చుకోమంటే దీన్నే మిగుల్చుకుంటాను. అక్రిలిక్ బ్లాకులు ఇప్పుడు కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టడానికి పనికొస్తున్నాయి.

ఎంబాసింగ్ పౌడర్ (వేడికి కరిగి ముద్రను ఉబ్బెత్తుగా చేసే పొడి) గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్లు మెచ్చుకునేదీ, కొత్తవాళ్లు పాడుచేసేదీ అదే. ముద్ర వేయడానికి ముందు కాగితాన్ని, దాని మీది స్థిర విద్యుత్తును తగ్గించే యాంటీ స్టాటిక్ సంచితో తట్టాలి, లేకపోతే అక్కర్లేని చోట కూడా పౌడర్ రేణువులు పట్టుకుని, కరిగాక చుక్కలుగా గట్టిపడతాయి. వెర్సామార్క్ వంటి నిదానంగా ఆరే ఇంకుతో ముద్ర వేసి, దాని మీద పౌడర్ చల్లి, మిగిలినదాన్ని దులిపి, బాగా వేడి గాలి వదిలే హీట్ గన్‌ను కొన్ని క్షణాలు పక్కకు తిప్పి వేడెక్కనిచ్చి, అప్పుడు కార్డు మీదకు తేవాలి. మొదట ఏమీ జరగదు. తర్వాత ఇసుకలా గరుగ్గా ఉన్న గీత ఒక మూలన తడిసినట్టు మెరుస్తుంది, ఆ మెరుపు గీత వెంట నెమ్మదిగా నడుస్తుంది, అది దాటిన ప్రతి చోటా బొమ్మ ఉబ్బి గాజులా నున్నగా తేలుతుంది. మెరుపు చివరికి చేరగానే వేడిని తీసేయాలి. ఇంకాస్త బాగా వస్తుందని ఆగితే కరిగిన పౌడర్ కాగితంలోకి దిగి నూనె మరకలా చదునుగా మిగులుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఈ పని కాదు, అది కరిగించేలోపే పౌడర్‌ను ఎగరగొడుతుంది.

తెలుగు మాటలతో స్టాంపులు నాకు దొరకలేదు కనుక, పెన్సిలు రాత చెరిపే అదే తెల్ల రబ్బరు దిమ్మ మీద ‘శుభాకాంక్షలు’ అని చెక్కాను. మొదటిసారి నేరుగా రాసి చెక్కడంతో తలకట్లూ కొమ్ములూ అద్దంలో చూసినట్టు తిరగబడి పడ్డాయి. పలుచని కాగితం మీద మెత్తని పెన్సిలుతో రాసి, దాన్ని దిమ్మ మీద బోర్లించి రుద్దితే అక్షరాలు తిరగేసి దిగుతాయి, అలా చెక్కినది సరిగ్గా ముద్రిస్తుంది. అచ్చు కంపెనీల నునుపు దానికి లేదు, కార్డు అందుకున్నవాళ్లు మాత్రం ముందు దాన్నే తడిమి చూస్తారు.

మడత గురించి రెండు మాటలు చాలు. ఏ4 కాగితాన్ని సగానికి కోసి మడిస్తే ఏ6 కార్డు వస్తుంది, అది సీ6 కవరులో సరిగ్గా పడుతుంది. బోన్ ఫోల్డర్‌తో (మడత గీత నొక్కే మొద్దు అంచు పనిముట్టుతో) ముందు గీత నొక్కి, నొక్కిన పల్లం బయటికి, ఉబ్బు లోపలికి వచ్చేలా మడవాలి. కాగితపు పోగుకు (పీచు పరుచుకున్న దిశకు) అడ్డంగా మడిస్తే మందపాటి కాగితం అంచు పగిలి తెల్లని పీచు బయటపడుతుంది.

అంటించే సామగ్రి విషయంలో నా తీర్పు మారడానికి ఆరేళ్లు పట్టింది. డబుల్ సైడ్ టేపు శుభ్రంగా ఉంటుంది, త్వరగా పనవుతుంది, అందుకే మొదట్లో అన్నిటికీ దాన్నే వాడాను. నిరుడు పిన్ని తన బీరువాలో దాచుకున్న నా పాత కార్డు తీసి చూపించింది. ముద్ర చెక్కుచెదరలేదు, ఉబ్బెత్తు పౌడర్ అలాగే మెరుస్తోంది, లోపలి డై ఇంకు చీకట్లో ఉండటం వల్ల వెలవలేదు. టేపుతో అంటించిన పూలు మాత్రం ఒక్కొక్కటిగా ఊడిపోయి కవరు అడుగున చేరాయి, వాటి స్థానంలో గట్టిపడిన పసుపుపచ్చ చారలు మిగిలాయి. పక్కనే, ఆ రోజు టేపు అయిపోవడం వల్ల తెల్ల జిగురుతో అంటించిన ఒక్క ఆకు, గోటితో లాగినా కదలలేదు.